చేబదులుతో న్యూస్‌లెటరా? ముందు చెరువు నింపుకోండి

ప్రశ్న: నా వయసు 53. అమలాపురం దగ్గర పల్లె మాది. 26 ఏళ్లుగా ఒక దినపత్రికలో రాజకీయ వ్యాసాలు రాస్తున్నాను. జీతం 62 వేలు, ఇంటి ఖర్చు 40 వేలు. రాజకీయాలు రాసి విసుగొచ్చింది. వచ్చే నెల ఉద్యోగం మానేసి, కథలు, కాలువల చరిత్ర, మన వంటల మీద సొంత న్యూస్‌లెటర్ మొదలుపెడతాను. నెల చందా 100 రూపాయలు. వెయ్యి మంది కడితే లక్ష. మా ఆవిడ బంగారం మీద 4 లక్షలు, మిత్రుడి దగ్గర రెండు రూపాయల వడ్డీకి 3 లక్షలు తీసుకుని రాజమహేంద్రవరంలో ఆఫీసు గది, కెమెరా, ఏడాది ఇంటి ఖర్చు చూసుకుందామని ఆలోచన. ఎఫ్‌డీలో 1.8 లక్షలు, 60 సెంట్ల కొబ్బరి తోట ఉన్నాయి. 5 లక్షల చిట్టీ 50 నెలలకి 40 కట్టాను, ఇంకా పాడలేదు. నాకు షుగర్, మా అమ్మకి 78. బంగారం ఎక్కడ పెడితే వడ్డీ తక్కువ?

జవాబు: బంగారం బీరువాలోనే ఉంచండి. వడ్డీ అక్కడే తక్కువ.

మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఉద్యోగం మానేసి ఇష్టమైన పని చేద్దామనుకునే వాళ్లు నెలకి నలుగురైనా నాకు రాస్తారు. అందరూ పెట్టుబడి లెక్క వేసుకుంటారు. జీతం ఆగిన నెల నుంచి బియ్యం, మందులు, పిల్లల ఫీజులు ఎక్కడి నుంచి వస్తాయో ఒక్కరూ వేసుకోరు. మీరు వేసుకున్నారు, కానీ అప్పుతో. అది ఇంకా ప్రమాదం.

కోనసీమ మనిషికి ఇది నేను చెప్పాలా? వేసవిలో కాలువలు కట్టేసే తేదీ దగ్గరపడితే మీ ఊళ్లో ఏం చేస్తారు? మంచినీళ్ల చెరువుకి తూము తీసి, నీళ్లు గట్టు అంచు తాకేదాకా నింపుకుంటారు. చెరువు సగంలో ఉండగా కాలువ కట్టేస్తే బిందెలతో రోడ్డెక్కుతారు. మీ జీతం కాలువని మీ చేత్తో మీరే కట్టేస్తున్నారు. చెరువులో ఉన్నవి, అంటే ఎఫ్‌డీలోని 1.8 లక్షలు, నాలుగున్నర నెలల నీళ్లు.

రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 3 లక్షలకి నెలకి 6 వేలు. బంగారం అప్పుకి 10 శాతమే వేసుకున్నా మరో 3,300. అంటే ప్రతి నెలా మొదటి 93 మంది చందా వడ్డీకే పోతుంది, అసలు కదలదు. ఎవరికి టికెట్ వస్తుందో తెలుసుకోవడానికి మిమ్మల్ని చదివినవాళ్లు లాకుల కథ చదవడానికి నెలకి వంద కడతారా? కొందరు కడతారు. వెయ్యి మంది అనేది మీ అభిమానం వేసిన లెక్క. ప్రోనోటు రాసిచ్చాక మిత్రుడు మిత్రుడిగా ఉంటాడనుకోవడం మరో లెక్క. 26 ఏళ్లు రాజకీయ నాయకుల అప్పుల మీద రాసిన మనిషి ఇలా అడిగితే నాకు కోపమొచ్చింది, దాచుకోను.

కొబ్బరిని చెరువు లెక్కలో కలపకండి. అంబాజీపేట కొబ్బరి మార్కెట్‌లో ధర ఒక దింపుకీ ఇంకో దింపుకీ ఒకలా ఉండదు. 1996 నవంబరు తుఫానుకి ఒక్క రాత్రిలో తోటలు ఎలా పడుకున్నాయో మీరు చూసే ఉంటారు.

ఇంకో పది నెలలు ఉద్యోగంలోనే ఉండండి. చిట్టీ పాడకండి, చివరిదాకా కట్టండి. కంపెనీ కమీషన్ పోను 4.65 లక్షలు చేతికొస్తాయనుకుందాం (రిజిస్టరైన చిట్టీయేనా? ఇవాళే చూసుకోండి). ఎఫ్‌డీతో కలిపి 6.45 లక్షలు. అందులో 4.8 లక్షలు ఏడాది ఇంటి ఖర్చు. జీతగాడికి ఆరు నెలలు చాలు, చందాల మీద బతికేవాడికి పన్నెండు కావాలి. మిగతాది ఆసుపత్రి ఖాతా, దాన్నుంచి కెమెరా కొనకండి.

ఇక బీమా. ఉత్తరంలో ఆ ఊసే లేదు. ఆఫీసు ఇచ్చిన గ్రూప్ పాలసీ మీ రాజీనామాతోనే పోతుంది. నేను ఉద్యోగం మానేసిన 19వ రోజున అపెండిక్స్ ఆపరేషన్ అయింది. పాత కార్డు కౌంటర్‌లో ఇస్తే చెల్లదన్నారు. మా నాన్న ఎవరి దగ్గరో చేబదులు తెచ్చి కట్టాడు. అందుకే ప్రతివారికీ ఇదే పాట పాడతాను. మీ దంపతులకి 10 లక్షల సొంత పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. ఉన్న జబ్బులకి గరిష్ఠంగా 36 నెలల నిరీక్షణ ఉంటుంది, అంటే అప్పటిదాకా వాటికి క్లెయిమ్ ఇవ్వరు. అందులో పది నెలలు ఆఫీసు పాలసీ నీడలోనే గడిచిపోతాయి. షుగర్ సంగతి దాచకండి, దాస్తే క్లెయిమ్ దగ్గర దొరికిపోతారు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీ ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. అమ్మగారికి 70 దాటాయి కాబట్టి, ఆదాయంతో పనిలేకుండా 5 లక్షల ఆయుష్మాన్ కార్డు ఉంది, తీయించండి.

పీఎఫ్ కదపకండి, 58కి పింఛను వస్తుంది. ఆఫీసు గది దేనికి, వసారాలో కుర్చీ చాలు. యాజమాన్యం అభ్యంతరం లేదని కాగితం మీద రాసిస్తే న్యూస్‌లెటర్ ఈ ఆదివారమే మొదలుపెట్టండి, ఉచితంగా. పది నెలల్లో ఎంతమంది చదువుతున్నారో తెలుస్తుంది, చందా సంగతి అప్పుడు.

ఈలోపు 3 లక్షలు ఇస్తానన్న మిత్రుడికి ఫోన్ చేసి వద్దని చెప్పండి. అంత ప్రేమే ఉంటే, చందా మొదలైన రోజున ఏడాదికి 1,200 కట్టమనండి.