అడ్రస్ బార్‌లో తాళం గుర్తు కనిపిస్తే ఆ సైట్‌ను నమ్మవచ్చా?

తాళం గుర్తు చూసి సైట్‌ను నమ్మకూడదు. మీకూ ఆ సైట్‌కూ మధ్య వెళ్లే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే అది చెబుతుంది.

తాళం గుర్తు ఉన్న సైట్లు వాడే హెచ్‌టీటీపీఎస్ అనే పద్ధతిలో మీరు టైప్ చేసినదాన్ని బ్రౌజర్ రహస్య సంకేతాలుగా మార్చి పంపుతుంది. అందుకు సైట్‌కు ఒక సర్టిఫికెట్ కావాలి. అది ఇచ్చేముందు సాధారణంగా చూసేది ఒక్కటే, ఆ డొమైన్, అంటే అడ్రస్‌లోని సైట్ పేరు, అడిగినవాళ్ల అధీనంలో ఉందా లేదా అని. వాళ్లు ఎలాంటివాళ్లో ఎవరూ ఆరా తీయరు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2015 నుంచి వీటిని ఉచితంగా ఇస్తోంది. అది ఇంటర్నెట్‌కు చాలా మేలు చేసింది, కానీ అదే సర్టిఫికెట్ మోసగాళ్లకూ సులువుగా దొరుకుతుంది.

ఉదాహరణకు, మీ బ్యాంకు పేరులో ఒక్క అక్షరం మార్చి ఎవరో డొమైన్ కొన్నారనుకోండి. ఆ నకిలీ పేజీలోనూ తాళం ఉంటుంది. మీ పాస్‌వర్డ్ దారిలో ఎవరికీ చిక్కకుండా భద్రంగా వెళ్లి, నేరుగా దొంగ చేతిలో పడుతుంది.

తాళం అంటే ఎవరో తనిఖీ చేసి వేసిన ముద్ర అని చాలామంది పొరబడతారు. ఈ అపోహ ఎంత బలంగా ఉందంటే, 2023లో క్రోమ్ ఆ గుర్తునే మార్చేసింది. పాస్‌వర్డ్ ఇచ్చేముందు అడ్రస్‌లోని డొమైన్ పేరును అక్షరం అక్షరం చదవండి.