రుద్రంపేట చేలు ప్లాట్లయిన కాలం టోపోషీట్లో ఎట్లా కనుక్కోవాలి?

అన్నా, మీ తాత శెనక్కాయ చేను ఉన్న చోట 'పాత మ్యాపులో ఇండ్లే లేవు, అంటే అప్పటికి లేఅవుట్ పడలేదు కదా' అన్నారు కదా, ముందు టోపోషీటు (సర్వే ఆఫ్ ఇండియా వేసే నేల మ్యాపు) అంచులో సర్వే చేసిన సంవత్సరం చూడండి, ప్రింటయిన సంవత్సరం కాదు, రెండిటికీ మధ్య చాలా ఏండ్ల తేడా ఉండొచ్చు. రుద్రంపేట పక్కనున్న అనంతపురం టౌన్ 57ఎఫ్/10 నంబరు షీట్లో వస్తుంది. పాతవి మైలుకు అంగుళం లెక్క, తర్వాతవి 1:50,000, అందుకని రెండూ పక్కపక్కన పెట్టేముందు స్కేలు సరిచేసుకోండి. పసుపు రంగు సాగుభూమి, ఎరుపు ఇండ్లు, రోడ్లు. నన్నడిగితే ఇండ్లకంటే బావులు, బండిబాటలు, చెరువు కాలవలు చూడటం మేలు, పాత షీట్లో ఉండి కొత్తదాంట్లో మాయమైతే ఆ రెండు సర్వేల మధ్యే అక్కడ సాగు పోయి ఉండొచ్చు. ఇంకా దగ్గరి సంవత్సరం కావాలంటే గూగుల్ ఎర్త్‌లో పాత శాటిలైట్ ఫొటోలు వెనక్కి జరుపుతూ చూడండి, రోడ్లు గీసిన గళ్ళు ఇండ్లకంటే ముందే కనపడతాయి. కొత్త షీట్లు సర్వే ఆఫ్ ఇండియా సైట్లో పీడీఎఫ్‌గా దొరుకుతాయి. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండన్నా, ఎకరా చేను ఈ స్కేల్లో మిల్లీమీటరు చిల్లరే, సర్వే నంబర్లు, హద్దులు దీంట్లో ఉండవు, వాటికి ఎఫ్ఎంబీ (పొలం కొలతల పటం), పాత అడంగలు (ఏ సర్వే నంబర్లో ఎవరి సాగు, ఏ పంట అని రాసే రికార్డు) తీయించాల్సిందే.