లోబెడ్ మీద పొక్లెయిన్లు, డోజర్లు తరలించే డ్రైవర్ రోజు ఎలా గడుస్తుంది?

ప్రశ్న అడిగినవారు సరుకు లారీ నడుపుతున్నారు, లోబెడ్ ట్రైలర్‌కి (మెషిన్ నిలబడే అంతస్తు, అంటే డెక్, నేలకి దగ్గరగా ఉండే ట్రైలర్) మారదామని చూస్తున్నారు. "స్పీడు తక్కువ, రోజుకి ఒకటో రెండో మెషిన్లు దించితే అయిపోతుంది కదా, ఇందులో అంత కష్టం ఏముంది? రోజంతా ఏం చేస్తారు?" అని అడిగారు. చాలా ఏళ్లుగా నా పని ఇదే కాబట్టి తెలిసింది రాస్తున్నాను.

ఇందులో స్టీరింగ్ పట్టుకునే సమయం మీరు అనుకునేదాని కంటే తక్కువ. అసలు పనంతా బండి ఆగి ఉన్నప్పుడే. కొలవాలి, ఎక్కించాలి, కట్టాలి, దారిలో దిగి మళ్లీ చూడాలి, ఎవరి కోసమో ఎదురుచూడాలి. డ్రైవింగ్‌లో మంచి పేరున్నవాళ్లు కొందరు ఇక్కడికి వచ్చి కొద్ది రోజులకే పాత పనికి వెళ్లిపోవడం చూశాను. బండి నడపడంలో వాళ్లకి వంక పెట్టడానికి లేదు, దిగి చేసే పని మీద ఓపిక చాలలేదు అంతే.

పొద్దున్నే మొదలయ్యేది టైర్లతో. డెక్ కిందికి ఉండాలని లోబెడ్‌కి చిన్న చక్రాలు వేస్తారు. చిన్న టైరు అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది, తొందరగా వేడెక్కుతుంది. జంట టైర్లలో లోపలిదానికి గాలి పోయినా బయటికి కనిపించదు, పక్కటైరు దాని బరువు కూడా మోస్తూ పోతుంది, కాసేపటికి అదీ పేలుతుంది. బయలుదేరేముందు గేజ్ పెట్టి చూస్తాను. దారిలో ఆగినప్పుడు మాత్రం సుత్తితో కొట్టి శబ్దం వినడం, హబ్బు దగ్గర చెయ్యి పెట్టి వేడి చూడడం సరిపోతుంది. తర్వాత ఎయిర్ ట్యాంకుల్లో నీళ్లు వదలడం, లైట్లు, జెండాలు, వెడల్పు బోర్డులు. ఇవి మీకు కొత్త కాదు.

కొత్తది ఆ తర్వాత వచ్చే ఫోన్. ఏ మెషిన్, ఎంత బరువు, నడుస్తుందా లేదా అని అడిగితే అవతలి నుంచి వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే: "మామూలు పొక్లెయినే." మామూలు అంటే ఏమిటి? 20 టన్నుల తరగతిదీ పొక్లెయినే, 36 టన్నులదీ పొక్లెయినే. బకెట్ తీసి రాక్ బ్రేకర్ తగిలించి ఉంటే బరువు మారుతుంది, పొడవు మారుతుంది. అందుకని మెషిన్ మీదున్న ప్లేటు ఫోటో పంపమంటాను. ఫోటో రాకుండా బండి తీయను. ఇది పొగరని కొందరు సూపర్‌వైజర్లు అనుకుంటారు, అనుకోనివ్వండి.

ఎత్తు లెక్క చూడండి. 20 టన్నుల పొక్లెయిన్ బూమ్ మడిచి పెట్టినా 3 మీటర్ల ఎత్తు ఉంటుంది. మామూలు ట్రైలర్ డెక్ ఒకటిన్నర మీటరు, అంటే మొత్తం నాలుగున్నర. లోబెడ్ డెక్ 90 సెంటీమీటర్ల దగ్గర ఉంటే మొత్తం 3.9. చాలా దేశాల్లో లారీ ఎత్తు పరిమితి 4 మీటర్ల చుట్టుపక్కలే కాబట్టి ఈ 60 సెంటీమీటర్ల కోసమే లోబెడ్ పుట్టిందనుకోవచ్చు. వెడల్పు మాత్రం ఏ ట్రైలర్‌తోనూ తగ్గదు. అదే పొక్లెయిన్ ట్రాకులతో కలిపి 2.8 మీటర్లు వస్తుంది, సాధారణంగా లారీకి ఒప్పుకునేది రెండున్నర మీటర్ల పైన కొంచెం. కాబట్టి పర్మిట్, ముందు వెళ్లి దారి చూపే పైలట్ బండి, ఫలానా గంటల్లోనే వెళ్లాలనే షరతులు. పర్మిట్ ఇచ్చేవాళ్లు ఇరుసులెన్ని అని గుచ్చి గుచ్చి అడగడానికి కారణం ఉంది. 1958-60లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో లారీలను నెలల తరబడి తిప్పి చేసిన పరీక్షలో, ఒక ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకి జరిగే నష్టం సుమారు 16 రెట్లు అవుతుందని తేలింది. మొత్తం బరువు కంటే అది ఎన్ని ఇరుసుల మీద పంచుకుందన్నదే రోడ్డుకి, వంతెనకి ముఖ్యం.

మెషిన్ ఎక్కించాక ఎత్తు మళ్లీ స్వయంగా కర్రతో కొలుస్తాను. అన్నిటికన్నా ఎత్తైన చోటు బూమ్ వంపు దగ్గరే ఉంటుందని గ్యారంటీ లేదు, ఒక్కోసారి దాని మీది హైడ్రాలిక్ గొట్టం ఇంకో నాలుగు వేళ్లు పైకి ఉంటుంది. వంతెన మీద రాసిన అంకె కూడా పూర్తిగా నమ్మదగింది కాదు. కింద రోడ్డు కొత్తగా వేస్తే మందం పెరుగుతుంది, బోర్డు మీద అంకె మాత్రం పాతదే ఉండిపోతుంది. ఇంకో చిక్కు ఉంది, ఇది చాలామందికి తెలియదు. వంతెన కింద రోడ్డు పల్లంగా ఉంటే, పొడుగాటి ట్రైలర్ ముందు చక్రాలు ఒక గట్టు మీద, వెనక చక్రాలు ఇంకో గట్టు మీద ఉంటాయి. మధ్యలో ఉన్న మెషిన్ రోడ్డు నుంచి మామూలు కంటే ఎత్తులో ఉన్నట్టే లెక్క. పొట్టి లారీ దూరిన చోట మీరు ఇరుక్కుంటారు.

ఇక ఎక్కించడం. నన్నడిగితే ఈ పనిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన దూరం ర్యాంపు పొడవే. మెషిన్ వెనక నుంచి ఎక్కేటప్పుడు బరువంతా ట్రైలర్ తోక మీద పడుతుంది, ముందుభాగం పైకి లేవాలని చూస్తుంది. దాంతో లాగే బండి వెనక చక్రాల మీద బరువు తేలిపోతుంది. ఆ బండి పార్కింగ్ బ్రేకు పట్టేది ఆ చక్రాలనే. నేల మీద బరువు ఆనని చక్రాన్ని ఎంత గట్టిగా పడితే ఏం లాభం? కొంచెం వాలు ఉండి, ట్రైలర్ బ్రేకులు కూడా వేసి లేకపోతే మొత్తం బండే కదలడం మొదలుపెడుతుంది. అందుకే ముందు చదునైన గట్టి నేల చూసుకోవాలి, తోక కింద కాళ్లు దించాలి లేదా చెక్క దిమ్మెలు పేర్చాలి, చక్రాలకి ముందూ వెనకా అడ్డం పెట్టాలి. గూస్‌నెక్ (ట్రైలర్‌ని లాగే బండికి కలిపే వంపు మెడ) విడిపోయే రకం ట్రైలర్ అయితే మెషిన్ ముందు నుంచి ఎక్కుతుంది, డెక్ నేలకి ఆనుతుంది, ఈ తలనొప్పి చాలావరకు ఉండదు. కానీ గూస్‌నెక్ విప్పి తగిలించడానికి టైం పడుతుంది.

ర్యాంపు పైఅంచు దగ్గర ఒక క్షణం మెషిన్ త్రాసులా తూగుతుంది. సగం గాల్లో, సగం ర్యాంపు మీద. అప్పుడు ఆపరేటర్ తొందరపడితే ముక్కు ధబీమని డెక్ మీద పడుతుంది, పక్కకి జరుగుతుంది. మంచి ఆపరేటర్ ఆ అంచు దగ్గర బకెట్‌ని డెక్‌కి దగ్గరగా పెట్టుకుని, అవసరమైతే దాన్నే ఆనించి మెల్లగా దించుతాడు. వాన పడితే ఉక్కు ట్రాకు, ఉక్కు ర్యాంపు మధ్య పట్టు దాదాపు ఉండదు. బురద కూడా ఉంటే ఇంకా చెప్పక్కర్లేదు. ట్రాకుల్లో మట్టి గీకించకుండా నేను ఎక్కనివ్వను. దారిలో ఆ మట్టిలోని రాయి జారి వెనక వచ్చే బండి అద్దం మీద పడితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

సైగలు ఒక్కరే చేయాలి. సైట్‌లో నలుగురు నిలబడి నాలుగు రకాలుగా "రా, రా, ఆపు" అంటుంటారు. వాళ్లని పక్కకి పంపి, ర్యాంపు పక్కన ఎవరూ లేకుండా చూసి, ఆపరేటర్‌కి కనిపించే చోట ముందు నేనొక్కడినే నిలబడతాను. పైన కరెంటు తీగ ఉందేమో చూడడం కూడా నా బాధ్యతే. హై వోల్టేజ్ లైన్‌కి బూమ్ తగలక్కర్లేదు, బాగా దగ్గరికి వెళ్లినా కరెంటు దూకుతుంది.

మెషిన్ డెక్ మీద ఎక్కడ నిలబడాలన్నది అనుభవంతో వచ్చే పని. మరీ ముందుకి జరిగితే లాగే బండి ఇరుసుల మీద ఎక్కువ పడుతుంది. మరీ వెనక ఉంటే ట్రైలర్ ఇరుసులు మునుగుతాయి, ముందు బండికి రోడ్డు పట్టు తగ్గుతుంది. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న బండికి ప్రెషర్ గేజ్ ఉంటే పని సులువు, బరువు ఎటు ఎంత పడిందో అదే చెబుతుంది. జానెడు జరపడానికి ఆపరేటర్ విసుక్కుంటాడు. అయినా జరిపించాలి.

కట్టడం గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే సరుకు లారీ నుంచి వచ్చేవాళ్లు దీన్నే తేలిగ్గా తీసుకుంటారు. "22 టన్నులది, అదెక్కడికి పోతుంది" అంటారు. బరువు ఎక్కువ కాబట్టే పోతుంది. యూరప్‌లో వాడే ఈఎన్ 12195-1 ప్రమాణం ప్రకారం రోడ్డు మీద వెళ్లే లోడు ముందుకు జారకుండా దాని బరువులో 0.8 వంతు, పక్కలకి, వెనక్కి 0.5 వంతు బలాన్ని తట్టుకోవాలి. 22 టన్నుల మెషిన్‌కి ముందుకు 17.6 టన్నుల బలం అన్నమాట. గ్రేడ్ 8 గొలుసు 10 మిల్లీమీటర్లదైతే సుమారు 6.3 టన్నులు, 13 మిల్లీమీటర్లదైతే సుమారు 10 టన్నులు పడుతుంది. అది కూడా తిన్నగా లాగినప్పుడు. డెక్‌తో 60 డిగ్రీల కోణంలో నిటారుగా కడితే ముందుకు జారకుండా ఆపడానికి దాని బలంలో సగమే పనికొస్తుంది. మిగతాది మెషిన్‌ని కిందికి అదుముతుంది. అదమడం వల్ల రాపిడి పెరుగుతుంది నిజమే, కానీ ఉక్కు మీద ఉక్కు, అందులోనూ తడిగా ఉంటే, ఆ రాపిడిని నమ్ముకోలేం. కింద రబ్బరు మ్యాట్లు వేస్తే చాలా తేడా వస్తుంది.

నాలుగు మూలలా నాలుగు గొలుసులు, బకెట్‌కి విడిగా ఇంకొకటి. తయారీదారు చూపించిన కొక్కేల దగ్గరే తగిలించాలి, నిచ్చెన మెట్టుకో హైడ్రాలిక్ పైపు పక్కనో కాదు. లోడరు, రోలరు లాంటి మధ్యలో మడత పడే మెషిన్లకి ఆ కీలు దగ్గర లాక్ కడ్డీ వేయాలి. పొక్లెయిన్‌కి పైభాగం తిరగకుండా స్వింగ్ లాక్ వేయాలి. టైర్ల మీద నడిచే మెషిన్‌తో ఇంకో పేచీ: టైర్లు అణిగి లేస్తుంటే గొలుసు వదులవుతుంది. అందుకే బయలుదేరిన కాసేపటికే ఆపి చూసుకోవాలి. అమెరికా నిబంధనల్లో ఇది మొదటి 80 కిలోమీటర్లలోపు జరగాలని ఉంది, నేను అంత దూరం కూడా ఆగను. గొలుసుని బిగించే బైండర్ల విషయంలో నాది మొండి అభిప్రాయం. లివరు రకం వద్దు. చెయ్యి జారితే ఎదురు తన్ని దవడ పగలగొడుతుంది, దానికి పైపు తొడిగి లాగేవాళ్లని చూస్తే నాకు టెన్షన్ వస్తుంది. రాచెట్ రకం నెమ్మదే, కానీ ఒళ్లు భద్రంగా ఉంటుంది.

చివర్లో చాలామంది మరిచిపోయేది ఒకటుంది: మెషిన్ సైలెన్సర్ గొట్టానికి మూత. పైకి తెరిచి ఉంటే దారిలో గాలి దూరి టర్బో ఫ్యాన్‌ని తిప్పుతుంది. ఇంజిన్ ఆఫ్‌లో ఉంది కాబట్టి ఆ బేరింగ్‌కి ఆయిల్ అందదు. మెషిన్ చేరుతుంది, టర్బో చెడుతుంది. తర్వాత అందరూ డ్రైవర్ వైపే చూస్తారు.

నడపడం గురించి క్లుప్తంగా చెబుతాను. మలుపుల్లో ట్రైలర్ వెనక చక్రాలు బాగా లోపలికి కోస్తాయి, కాబట్టి ముందు బండిని బయటికి తీసుకెళ్లి తిప్పాలి. పొట్ట కిందికి ఉంటుంది కాబట్టి ఎత్తుగా ఉన్న రైల్వే గేట్లు, స్పీడ్ బ్రేకర్లు శత్రువులు. పట్టాల మీద పొట్ట ఆనుకుని ఇరుక్కోవడం కంటే చుట్టు తిరిగి వెళ్లడం మేలు. దిగుడు సంగతికొస్తే, 40 టన్నుల బండి 100 మీటర్ల ఎత్తు దిగేటప్పుడు ఇంజిన్, గాలి ఏ సాయమూ చేయకపోతే, బ్రేకులు మింగాల్సిన వేడితో వంద లీటర్లకు పైగా నీళ్లు మరిగించవచ్చు. ఆ వేడికి డ్రమ్ములు వ్యాకోచించి, లైనింగులు పట్టు తప్పి, పెడల్ తొక్కినా బండి ఆగదు. కాబట్టి దిగుడు మొదలవకముందే గేరు తగ్గించి, చక్రాల బ్రేకులు వాడకుండానే వేగం తగ్గించే రిటార్డరో ఎగ్జాస్ట్ బ్రేకో వేసుకుని దిగాలి. దిగడం మొదలెట్టాక గేరు మారుద్దామంటే న్యూట్రల్‌లో ఇరుక్కుంటారు.

విసుగు తెప్పించేది మాత్రం ఎదురుచూపు. మెషిన్ సిద్ధమన్నారని వెళితే ఆపరేటర్ ఉండడు. ఆపరేటర్ ఉంటే డీజిల్ ఉండదు. అన్నీ ఉంటే పర్మిట్ గంటలు అయిపోతాయి. ఇక చెడిపోయిన మెషిన్ అయితే ఆ రోజు పోయినట్టే. ఇంజిన్ స్టార్ట్ కాకపోతే పొక్లెయిన్ ట్రాకులు ఊరికే దొర్లవు, వాటి బ్రేకులు స్ప్రింగుతో పడి ఉంటాయి, హైడ్రాలిక్ ప్రెషర్ వస్తేనే వదులుతాయి. మెకానిక్ వచ్చి బ్రేకు వదిలించాలి, తర్వాత వించ్‌తో అంగుళం అంగుళం లాగాలి. ఒక సైట్‌లో "నడుస్తుంది" అని చెప్పి పిలిచారు. వెళ్లి చూస్తే ఇంజిన్ విప్పి పక్కన పెట్టి ఉంది. గొడవ పడకుండా ఫోటో తీసి ఆఫీసుకి పంపి, క్యాబిన్‌లో పడుకున్నాను.

ఒళ్లు నొప్పుల సంగతి కూడా తెలుసుకోండి. 13 మిల్లీమీటర్ల గొలుసు మీటరుకి సుమారు 3.8 కిలోలు. అయిదు మీటర్ల గొలుసు, బైండరు కలిపితే 25 కిలోలు దాటుతుంది. అలాంటివి అయిదారు, కట్టేటప్పుడు ఒకసారి, విప్పేటప్పుడు ఒకసారి, ఎండలోనూ వానలోనూ. నడుముకంటే ముందు మోకాళ్లు చెబుతాయి. డెక్ మీద నుంచి ఎప్పుడూ దూకకండి, ఎత్తు తక్కువే కదా అనిపించినా సరే, వెనక్కి తిరిగి పట్టుకుని దిగండి.

మారొచ్చా అంటే మారొచ్చు, మీ లైసెన్స్‌లో ట్రైలర్ ఉంటే. కాకపోతే నేరుగా 35 టన్నుల డోజర్‌తో మొదలుపెట్టకండి. కొన్నాళ్లు ఎవరైనా పాత డ్రైవర్ పక్కన ఉండి చిన్న రోలర్లు, బ్యాక్‌హో లోడర్లు కట్టడం నేర్చుకోండి. చేరేముందు ఓనర్‌ని నాలుగు విషయాలు అడగండి: రూట్ ముందుగా ఎవరు చూస్తారు, గొలుసులు అరిగితే ఎవరు మారుస్తారు, వెయిటింగ్ గంటలకి డబ్బులు లెక్క కడతారా, బరువు ఎక్కువని నేను లోడు వద్దంటే నా మాట నిలబడుతుందా? చివరి ప్రశ్నకి ఆయన నవ్వితే ఇంకో చోట చూసుకోండి.