మరిది ఇచ్చిన చెక్కుకు వదినకు నోటీసు

ప్రశ్న: చీమకుర్తి దగ్గర మాకు గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీ ఉంది. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. మావారు పోయాక నన్ను డైరెక్టరుగా పెట్టారు. వ్యవహారమంతా మా మరిదిదే. బ్లాకులు ఇచ్చిన క్వారీవాళ్లకు ఆయన సంతకం చేసిన చెక్కు బౌన్సయింది. నాకూ లాయరు నోటీసు వచ్చింది, నా ‘కనైవెన్స్’తోనే జరిగిందని. నేను కుమ్మక్కయ్యానని అనడమేనా? ‘ఖాతాలో డబ్బుల్లేవు, అయినా చెక్కు ఇస్తున్నా’ అని మరిది వాట్సాప్‌లో పెడితే ‘సరే’ అన్నాను, అంతే.
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: కుమ్మక్కు వేరమ్మా. అందులో ఇద్దరూ కూడబలుక్కోవాలి. కనైవెన్స్‌కు అంత అక్కర్లేదు, తప్పు జరుగుతోందని తెలిసీ చూడనట్టు ఊరుకుంటే చాలు. కళ్లు మూసుకోవడం, కన్ను గీటడం అనే అర్థమున్న లాటిన్ క్రియ నుంచి వచ్చిన మాట ఇది. మన పండితులు గజనిమీలనం అంటారు. నోటీసులో ఆ మాటే రాసి ఉంటే మీరు ఇంకా హడలిపోయేవారు!

చెక్కుల చట్టం (నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్ట్, 1881) సెక్షన్ 141లో రెండు దారులున్నాయి. కంపెనీ రోజువారీ వ్యవహారం చూసేవాళ్లు మొదటి దారిలో దొరుకుతారు. పేరుకు డైరెక్టరైతే సరిపోదు, ఆ మనిషి పాత్ర ఏమిటో ఫిర్యాదులో రాయాలని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. సంతకం చేసిన మీ మరిదికి ఆ వెసులుబాటు లేదు. రెండో దారి సమ్మతి, కనైవెన్స్, నిర్లక్ష్యం. వీటిలో ఏదో ఒకటి ఉందని ఫిర్యాదుదారే రుజువు చేయాలి. అసలు సంగతి తెలియని మనిషి కళ్లు మూసుకున్నట్టు కాదు.

మీ చిక్కల్లా ఆ ‘సరే’తోనే. డబ్బుల్లేవని మీకు తెలిసినట్టు అదే చెబుతోంది. ‘చూశాను’ అనే అర్థంలో పెట్టానని మీరంటారు, ఒప్పుకున్నారని అవతలి లాయరు అంటాడు. అప్పుడది సమ్మతి కిందికే పోతుంది. అలాగని మెసేజ్ చెరిపేయకండి. మీ మరిది ఫోన్లో ఎలాగూ ఉంటుంది, చెరిపారని తెలిస్తే మీ మాటకు విలువ పోతుంది.

నేరం రుజువైతే రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. ముందు బాకీ సంగతి చూడండి. నోటీసు కంపెనీకి అందిన 15 రోజుల్లోగా చెక్కు సొమ్ము చెల్లిస్తే కేసే ఉండదు. ఆ గడువు దాటితే నెలలోపు వాళ్లు కోర్టుకెళ్లొచ్చు. ఈలోగా జవాబు నోటీసు ఇప్పించండి, మీ మరిది లాయరు చేత మాత్రం వద్దు. ‘చూశానే గానీ ఒప్పుకోలేదు’ అన్నది మీ వాదన, ‘వదినకు చెప్పే ఇచ్చాను’ అన్నది ఆయన వాదన కావచ్చు.