పశువైద్యం చదవాలన్న కోరిక దుఃఖంలోంచి పుడితే తప్పా?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లె. ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతున్నాను. నేను పదో తరగతిలో ఉండగా మా చూడి గేదె ఈనలేక రాత్రంతా యాతనపడి చనిపోయింది. ఊళ్లో తెలిసినాయన ఒకరు దూడ కాలు పట్టి లాగి చూశారు. తెల్లవారాక వచ్చిన డాక్టరుగారు గర్భసంచి మెలికపడిందని చెప్పారు. నాయనమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. నాన్న మిగిలిన రెండు గేదెలనూ అమ్మేశారు. అప్పటినుంచి నాకు పశువైద్యం చదవాలని ఉంది. ‘గొడ్ల డాక్టరు చదువుకా ఇంత ఖర్చు పెట్టింది?’ అని నాన్న, సంబంధాలు రావని అమ్మ అంటున్నారు. ఎంబీబీఎస్ సీటు రాదని ముందే సాకు వెతుక్కుంటున్నానని స్నేహితురాళ్ల ఎగతాళి. నాది నిజమైన ఆసక్తా, లేక ఆనాటి బాధేనా? సంక్రాంతి దాటాక మా మేనత్త గేదె ఈనుతుంది. నాకు ఇప్పటినుంచే భయంగా ఉంది.

జవాబు: స్థలం చాలక మీ ఉత్తరాన్ని ఇక్కడ కుదించాం కానీ, నేను పూర్తిగానే చదివాను. అందులో గేదె గురించి నాలుగు వాక్యాలుంటే, మీ నాయనమ్మగారి గురించి, పాల డబ్బుతో ఆవిడ కట్టుకుంటూ వచ్చిన చీటీ మధ్యలో ఆగిపోవడం గురించి దాదాపు ఒక పేజీ ఉంది. జంతువులంటే ఇష్టమని మీరు ఒక్కచోట కూడా రాయలేదు. నాకు అది లోపంగా తోచలేదు. పశువును నమ్ముకున్న మనిషి కష్టం మిమ్మల్ని కదిలించింది, పల్లెల్లో ఈ వృత్తికి కావలసిన మనసు చాలావరకు అదే. బాధలోంచి పుట్టినంత మాత్రాన కోరిక అబద్ధమైపోదు. అయితే రోజువారీ పనిని దగ్గరనుంచి చూశాక కూడా అది నిలుస్తుందో లేదో మీరు తెలుసుకోవాలి.

అందుకు సెలవుల్లో ఒక పదిరోజులు, అనుమతి అడిగి, మీ మండల పశువైద్యశాలలో ఉదయం వేళ కూర్చోండి. చూలు పరీక్షలు, పొదుగువాపు, మాయ పడని గేదెలు, గొర్రెలకు నట్టల మందు, గాలికుంటు టీకాలు: ఎక్కువ రోజులు ఇలాగే గడుస్తాయి. భుజం దాకా తొడుగు వేసుకుని పేడలో చెయ్యి పెట్టే పనికి వెగటు కలుగుతుందా, కుతూహలం కలుగుతుందా అన్నది మొదటి రెండు రోజుల్లోనే మీకు తెలిసిపోతుంది. ఇందులో కఠినమైన భాగం కూడా ఉంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఫారాల్లోని కోళ్లను చంపి పూడ్చిపెట్టించే పని పశువైద్య సిబ్బందిదే అయింది. ప్రాణం కాపాడటానికే చదివానని నమ్మేవారికి అలాంటి రోజును తట్టుకోవడం తేలిక కాదు.

మీ గేదెకు జరిగినదాన్నే మరొకసారి చూద్దాం, ఎందుకంటే మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది. గర్భసంచి మెలికపడటం గేదెల్లో తరచుగా కనిపించే ఇబ్బందే. మెలిక ఉండగా దూడను లాగితే లాభం లేకపోగా గర్భసంచి చిరిగే ప్రమాదం ఉంటుంది. డాక్టరుగారు లోపల చెయ్యి పెట్టి మెలిక ఎటు తిరిగిందో తెలుసుకుని, గేదెను ఆ పక్కకే పడుకోబెట్టి, కాళ్లకు తాళ్లు కట్టించి, పొట్టమీద చెక్కబల్ల వేసి ఒకరిని దానిమీద నిలబెట్టి, మెలిక తిరిగిన దిక్కుకే గేదెను దొర్లిస్తారు. తాళ్లు పట్టడానికి నలుగురైదుగురు కావాలి. ఆడపిల్లకు అంత బలం ఎక్కడిదని ఎవరైనా అడిగితే ఈ సంగతి చెప్పండి. అక్కడ డాక్టరుకు కావలసింది చేతి అంచనా, ఆ అర్ధరాత్రి ఊరివాళ్లు తన మాట వినేలా చెప్పగల నేర్పు.

ఇక మీ నాన్నగారి విషయం. ఆయన అభ్యంతరం పరువుకు సంబంధించినదేనని మీరు అనుకుంటున్నారు, కావచ్చు. కానీ ఆ రాత్రి డాక్టరుకు కబురు పెట్టడం ఆలస్యమైందని, దూడను లాగమన్నది ఆయనేనని మీరే రాశారు. తర్వాత కొట్టం ఖాళీ చేసిన మనిషికి మీరు పశువైద్యం మాట ఎత్తినప్పుడల్లా ఆ రాత్రి గుర్తుకొస్తూ ఉండవచ్చు. నేను పొరబడుతున్నానేమో కూడా. అయినా, మన గేదె కోసమే ఈ చదువు అని ఆయనతో ఇకమీదట అనవద్దని నా సలహా. మీరు ప్రేమతో అన్నా, ఆయనకు అది నేరారోపణలా వినిపించే అవకాశం ఉంది.

ఖర్చు గురించి అడిగితే, కోచింగ్ డబ్బు వృథా కాలేదని నెమ్మదిగా చెప్పండి. పశువైద్య డిగ్రీ సీట్లు కూడా నీట్ ఆధారంగానే ఇస్తారు కాబట్టి రెండింటికీ చదువు ఒక్కటే, ఏది ఎంచుకోవాలో ఈ నెలలోనే తేల్చనక్కరలేదు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడిలలో కళాశాలలున్నాయి. ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి కోర్సు ఐదున్నరేళ్లు. ప్రభుత్వ కొలువులు ఏటా పడవన్న నిజాన్ని కూడా దాచకండి. డెయిరీలు, కోళ్ల పరిశ్రమ, పట్నాల్లో పెంపుడు జంతువుల క్లినిక్‌లు, పై చదువులు ఉన్నాయని చెప్పండి. అమ్మగారి సంబంధాల దిగులుకు ఇప్పుడు జవాబు వెతకవద్దు, మీకింకా పదిహేడేళ్లే. స్నేహితురాళ్ల ఎగతాళికైతే అసలు జవాబే అవసరం లేదు. ఒకవేళ ఎంబీబీఎస్‌కు సరిపడే ర్యాంకే వస్తే అప్పుడు దేన్ని ఎంచుకుంటారో ఈ రోజే ఒక కాగితం మీద రాసి దాచుకోండి, ఫలితాల రోజున దాన్ని మీరొక్కరే చదువుకోవచ్చు.

మేనత్తగారి గేదె ఈనేలోపు మండల డాక్టరుగారి నంబరూ, సంచార పశువైద్య వాహనం నంబరు 1962నూ వాళ్ల కొట్టం గోడమీద పెద్ద అక్షరాలతో రాయండి. నొప్పులు ఎన్ని గంటలకు మొదలయ్యాయో, ఉమ్మనీటి తిత్తి ఎప్పుడు కనిపించిందో గడియారం చూసి రాసుకోండి, ఫోన్ చేసినప్పుడు డాక్టరుగారు మొదట అడిగేవి అవే. మీ నాన్నగారిని కూడా రమ్మని పిలవండి. రాకపోతే బలవంతం చేయకండి, దూడ పుట్టాక మాత్రం కబురు ముందుగా ఆయనకే చెప్పండి.