జాబితాలో పేరున్నా దాడి ఎందుకు ఆగలేదు?

ప్రశ్న: మాది మలక్‌పేట. 2013లో దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలిన సాయంత్రం మా తమ్ముడు ట్యూషన్ నుంచి ఆ దారినే రావాలి. ఫోన్ కలవక మేం పడ్డ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను. అందరి ఫోన్లూ వినాలి, వీధివీధికీ కెమెరా పెట్టాలి, అనుమానం ఉన్న ప్రతివాడి పేరూ జాబితాకెక్కించాలి, అప్పుడే ఇవి ఆగుతాయని మా బావగారంటారు. పోలీసు శాఖలో పనిచేసినవారు కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నా. నిజంగా ఆగుతాయా?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: అమ్మా, మీ బావగారి బాధ నాకు అర్థమవుతుంది. ఆ సాయంత్రం 18 మందిని పోగొట్టుకున్నాం. కానీ ఆ రోజు మనకు తక్కువైంది సమాచారం కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో రెక్కీ చేశామని 2012 అక్టోబర్‌లో పట్టుబడ్డ అనుమానితులు ఢిల్లీ పోలీసులకు చెప్పినట్టు అప్పట్లోనే పత్రికల్లో వచ్చింది. దాడి జరగవచ్చని రెండు రోజుల ముందే రాష్ట్రాలకు తెలిపామని కేంద్ర హోంమంత్రి షిండే కూడా అన్నారు. ఎక్కడ, ఎప్పుడు అన్నది మాత్రం అందులో లేదు. అలాంటి హెచ్చరికలు స్టేషన్లకు వస్తూనే ఉంటాయి. ప్రతిదానికీ రోడ్డు మీద నాకాబందీ పెట్టేంత సిబ్బంది ఏ నగరంలోనూ ఉండరు.

మిగతా దేశాల్లోనూ ఇదే కథ. ఇంగ్లండ్‌లో 2017 మే 22న మాంచెస్టర్ అరీనాలో 22 మందిని చంపిన సల్మాన్ అబేదీ అక్కడి గూఢచారి సంస్థ ఎంఐ5కు కొత్తవాడు కాదు. వాళ్లు అప్పటికి చురుగ్గా గమనిస్తున్నది 3,000 మందిని. అంతకుముందు గమనించి ఫైలు మూసేసినవాళ్లు ఇంకో 20,000 మంది. అబేదీ పేరు ఆ మూసేసిన ఫైళ్లలో ఉంది. పాత ఫైళ్లను కంప్యూటర్‌తో జల్లెడ పడితే మళ్లీ చూడాల్సిన కొద్దిమందిలో అతని పేరు పైకి వచ్చింది కూడా. ఏం చేయాలో మాట్లాడుకోవడానికి మీటింగ్ పెట్టుకున్నారు. తేదీ మే 31. అప్పటికి అరీనాలో చనిపోయినవాళ్లకు తొమ్మిదో రోజు.

ఆ అధికారులను తిట్టడానికి నాకు నోరు రాదు. స్పెషల్ బ్రాంచ్‌లో పనిచేశాను కనుక చెబుతున్నా, ఒక్క మనిషిని రాత్రింబవళ్లు వెంటాడాలంటే మూడు షిఫ్టులు, బండ్లు, ముఖాలు గుర్తుపట్టకుండా మారే మనుషులు కావాలి. ఇరవై మందికి తక్కువ కాదు. 3,000 మంది వెనక 60,000 మందిని ఎవరు పెట్టగలరు?

మీ బావగారు అడిగే పెద్ద వల సంగతి కాగితం మీద లెక్క వేసి చూడండి. తెలుగు రాష్ట్రాల్లో 8 కోట్ల మంది ఉన్నారనుకుందాం. అందులో 800 మంది ఉగ్రవాదులున్నారని, నూటికి 99 సార్లు సరిగ్గా చెప్పే యంత్రం మన దగ్గరుందని కూడా అనుకుందాం. అది 792 మందిని పట్టిస్తుంది. వాళ్లతోపాటు 8 లక్షల అమాయకుల పేర్లూ ఇస్తుంది. ఒక్క అసలువాడి కోసం వెయ్యి ఇళ్ల తలుపులు తట్టాలి. ఆ తట్టే కానిస్టేబుల్ రెండో వారానికే ఆ పేర్లను నమ్మడం మానేస్తాడు. అమెరికాలో కోట్లమంది ఫోన్ రికార్డులను ఏళ్ల తరబడి పోగేశారు. ఆ కార్యక్రమాన్ని పరిశీలించిన అధికారిక బోర్డు, ఉగ్రవాద దర్యాప్తులో దానివల్ల ఫలితం మారిన సందర్భం ఒక్కటీ కనిపించలేదని 2014 జనవరిలో తేల్చిచెప్పింది.

మన స్టేషన్లలో రౌడీ షీట్లు కూడా ఇలాగే పెరుగుతాయి. తెరవడం తేలిక, మూయడం కష్టం. మూశాక ఆ మనిషి ఏదైనా చేస్తే సంతకం పెట్టినవాడి మెడకు చుట్టుకుంటుంది. అందుకే మంచాన పడ్డ ముసలివాళ్ల షీట్లూ, ఊరొదిలి వెళ్లినవాళ్ల షీట్లూ, నిజంగా చూడాల్సిన వాళ్ల షీట్లూ ఒకే బీరువాలో ఉంటాయి.

అలాగని నిఘా దండగ అని నేననను. గురిపెట్టిన నిఘా ప్రాణాలు కాపాడుతుంది. 2006లో లండన్ పోలీసులు కొద్దిమందినే పట్టుకుని వదలకుండా గమనించారు. వాళ్లలో ఒకడు పాకిస్తాన్ నుంచి తిరిగొచ్చినప్పుడు అతని సామాను రహస్యంగా తెరిచి చూస్తే టాంగ్ పొడి, బోలెడు బ్యాటరీలు కనిపించాయి. వాళ్లు వాడే ఫ్లాట్‌లో రహస్య కెమెరా అమర్చారు. కూల్‌డ్రింక్ బాటిళ్లలో పేలుడు ద్రవం నింపి అట్లాంటిక్ దాటే విమానాలను పేల్చేయాలన్న పథకం అలా బయటపడింది. ఆగస్టులో అరెస్టులు జరిగాయి. విమానంలో చేతిసంచిలో 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవం వద్దంటున్నది అప్పటినుంచే. ఎంతోమంది బతికారు. సామాను తెరిచింది ప్రయాణికులందరిదీ కాదు, అనుమానానికి గట్టి కారణమున్న ఒక్కడిది.

శ్రీలంక సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. 2019 ఏప్రిల్ 4నే మన దేశం వాళ్లను హెచ్చరించింది. తర్వాత ఆ దాడికి నాయకత్వం వహించిన జహ్రాన్ హషీమ్ పేరు చెప్పింది, చర్చిలు లక్ష్యమని చెప్పింది. ఇంతకంటే స్పష్టమైన సమాచారం ఏ పోలీసుకూ దొరకదు. కానీ అక్కడ అధ్యక్షుడు సిరిసేనకూ ప్రధానికీ మాటల్లేవు, ప్రధానిని భద్రతా మండలి సమావేశాలకే పిలవడం లేదు. ఏప్రిల్ 21న ఈస్టర్ ప్రార్థనల్లో ఉన్నవాళ్లతో సహా 260 మందికి పైగా చనిపోయారు. మాజీ అధ్యక్షుడు సిరిసేన 10 కోట్ల శ్రీలంక రూపాయలు పరిహారం కట్టాలని 2023లో అక్కడి సుప్రీంకోర్టు ఆదేశించింది. హెచ్చరికను పట్టించుకోనందుకు బాధ్యుడెవరో కోర్టు వేలెత్తి చూపడం నాకు నచ్చింది. మన దగ్గరా ఆ పని జరగాలి.

ఇంకొకటి కూడా మీ బావగారికి చెప్పండి. 2007లో మక్కా మసీదు పేలుడు తర్వాత పాతబస్తీ ముస్లిం కుర్రాళ్లను చాలామందిని పట్టుకెళ్లారు. వాళ్లు నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆ తర్వాత దర్యాప్తు వేరే బృందం వైపు మళ్లింది, 2018లో ఆ కేసూ నిలబడలేదు. ఒక బస్తీ మొత్తాన్ని అనుమానితుల జాబితాగా చూస్తే ఆ బస్తీలోని తండ్రి తన కొడుకు గురించి పోలీసులకు చెప్పడానికి వస్తాడా? 2009లో నైజీరియాలో ఒక బ్యాంకరు స్వయంగా అమెరికా ఎంబసీకి వెళ్లి, కొడుకు తీవ్రవాదుల్లో కలిశాడని చెప్పాడు. ఏ కెమెరా ఇవ్వలేని సమాచారం అది. ఆ పేరును దాదాపు 5.5 లక్షల పేర్లున్న జాబితాలో చేర్చి ఊరుకున్నారు. స్పెల్లింగ్ తప్పు కొట్టడంతో అతనికి వీసా ఉన్న సంగతి కూడా కనిపించలేదు. ఆ క్రిస్మస్ నాడు అతను బాంబుతో డెట్రాయిట్ విమానం ఎక్కాడు. బాంబు సరిగా పేలక, తోటి ప్రయాణికులు మీదపడి పట్టుకోబట్టి అందరూ బతికారు.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. వచ్చిన ప్రతిసారీ బోర్డింగ్ పాస్ మీద నాలుగు ఎస్‌లు పడుతున్నాయి, గంటసేపు పక్కన నిలబెడుతున్నారు. పేరు ఏదైనా జాబితాలో ఉందేమోనని భయం.
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ఆ నాలుగు ఎస్‌లు అదనపు తనిఖీకి గుర్తు. ఊరికే కంప్యూటర్ ఎంచినా పడవచ్చు, మరొకరి పేరుతో కలిసినా పడవచ్చు. ప్రతిసారీ పడుతోందంటే ఊరుకోవద్దు. అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖకు ‘ట్రిప్’ అనే ఫిర్యాదు విధానం ఉంది. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెడితే రిడ్రెస్ నంబర్ ఇస్తారు. టికెట్ కొనేటప్పుడు ఆ నంబర్ వేయమనండి. పాస్‌పోర్టులో, వీసాలో, టికెట్‌లో ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో ముందు చూసుకోమనండి. మనవాళ్లకు ఎక్కువ చిక్కులు అక్కడే వస్తాయి.

పొరపాటు జరగదని మాత్రం అనుకోవద్దు. స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న మలేసియా మహిళ రహీనా ఇబ్రహీంను 2005 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్టులో బేడీలు వేసి తీసుకెళ్లారు. అనుమానితుల జాబితాకు పేర్లు పంపే ఫారంలో ఒక ఎఫ్‌బీఐ ఏజెంట్ పెట్టకూడని గళ్లలో టిక్కులు పెట్టడమే కారణమని కోర్టు తేల్చేసరికి 2014 వచ్చింది. మీ అబ్బాయిని దరఖాస్తు ఈ వారమే పెట్టమనండి, రసీదు దాచుకోమనండి.