ఒక్క కాలమ్ పేరు, నాలుగు రిలీజులు

ప్రశ్న: మేడమ్, మా బస్ టికెట్ల యాప్ ఆరు సర్వర్ల మీద నడుస్తోంది. డేటాబేస్‌లో ఫోన్ నంబర్ కాలమ్ పేరు మార్చాలి. యాప్ ఒక్క నిమిషం కూడా ఆగకూడదంటున్నారు. సర్వర్లను ఒక్కొక్కటిగా అప్‌డేట్ చేస్తే సరిపోతుందా?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: సరిపోదండీ. మార్పు జరుగుతున్నంతసేపూ కొన్ని సర్వర్లలో పాత కోడ్, కొన్నింట్లో కొత్త కోడ్ ఉంటాయి. డేటాబేస్ మాత్రం ఒక్కటే. పేరు మార్చగానే పాత కోడ్ ఉన్నవన్నీ ఎర్రర్ ఇస్తాయి.

పదేళ్ల కిందట ఒక కంపెనీలో నేను చేసిందీ ఇదే. రాత్రి రెండు గంటలకు ఎవరుంటారులే అనుకున్నాను. ఒకసారి రిఫ్రెష్ చేస్తే కస్టమర్‌కి ఆర్డర్ కనిపించేది, ఇంకోసారి చేస్తే మాయం. తెల్లారేదాకా లాగ్స్ (సర్వర్లు రాసుకునే చిట్టాలు) ముందు కూర్చుంటే గానీ సంగతి అర్థం కాలేదు.

మీరు పాత కాలమ్‌ని ముట్టుకోకుండా, పక్కన కొత్తది చేర్చండి. రెండింట్లోనూ రాసే కోడ్‌ని ఆరు సర్వర్లలోనూ పెట్టండి. ఆ తర్వాతే పాత రికార్డులను వెయ్యి చొప్పున కొత్తదాంట్లోకి కాపీ చేయండి. అన్నీ ఒకేసారి చేస్తే టేబుల్ లాక్ అయి, అంటే ఇంకెవరూ రాయలేకుండా మూసుకుపోయి, బుకింగ్‌లు నిలిచిపోవచ్చు. కాపీ పూర్తయ్యాక, చదవడం కొత్త కాలమ్ నుంచి మొదలుపెట్టండి. రాయడం మాత్రం ఇంకో రెండు వారాలు రెండింట్లోనూ సాగనివ్వండి. తేడా వస్తే వెనక్కి వెళ్లాల్సింది పాతదానికే కదా! పాత కాలమ్ తీసేయడం చిట్టచివరి పని.

ఒక్క పేరుకి ఇన్ని రిలీజులా అని మీ మేనేజర్ అడిగితే 2012 ఆగస్టు 1 నాటి సంగతి చెప్పండి. అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల కంపెనీ ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త కోడ్ ఎక్కించింది. పైగా, ఒకప్పటి పాత ఫంక్షన్‌ని నడిపే ఫ్లాగ్‌నే, అంటే కోడ్‌లోని ఆన్-ఆఫ్ స్విచ్‌నే, కొత్త పనికి వాడుకున్నారు. ఎనిమిదో సర్వర్ ఆ ఫ్లాగ్ చూసి, 2003 నుంచి వాడని కోడ్‌ని లేపింది, ఆర్డర్లు కుప్పలుగా పంపింది. కంగారులో మిగతా ఏడింట్లోంచీ కొత్త కోడ్ తీసేశారు. ఫ్లాగ్ ఆన్‌లోనే ఉండడంతో ఎనిమిదీ అదే బాట పట్టాయి. 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా పోయాయి.

అందుకే ప్రతి సర్వర్ ఏ వెర్షన్‌లో ఉందో చూపించే చిన్న పేజీ ఒకటి పెట్టుకోండి. ఆరింట్లోనూ ఒకే నంబర్ కనిపించాకే తర్వాతి మెట్టు ఎక్కండి. సంక్రాంతి రద్దీకి ముందు మాత్రం ఈ పని మొదలుపెట్టకండి.